అరువు ఎండ

ఏటా ఆగస్టు రెండో వారంలో
మహాపాత్రో మాస్టారు అదే పాఠం ఎత్తుకుంటారు.
తలుపు ఇవతల సీసాలు తుడుస్తూ నేను వింటాను.
"చేపలు, ఉభయచరాలు, సరీసృపాలు...
వెన్నెముక ఉంటుంది, నెత్తురు మాత్రం చల్లన."
పిల్లలు రాసుకుంటారు.
సోంపేట కాలేజీ ల్యాబులో పంతొమ్మిదేళ్ల అటెండర్ని,
ఒక్కసారీ నోరు విప్పలేదు గాని
చల్లనని ఎవరు చెప్పారు మాస్టారూ మీకు?

బారువ రేవులో మా అమ్మ
ఇంకా ఎగురుతున్న కానాగంత పొట్ట మీద వేలు పెట్టి
"ఇది లోతు నీటిది, ఇది ఒడ్డుది" అనేది.
పుష్యమాసం చేప పుష్యమాసం సముద్రమంత చల్లన.
చైత్రంలో పట్టింది
చంటిపిల్ల నీళ్లంత గోరువెచ్చన.
అమ్మకి సంతకం రాదు.
ఆ వేలు మాత్రం ఎప్పుడూ తప్పు చదవలేదు.

మన ల్యాబు వెనక గోడనే చూడండి.
ఏడున్నరకి తొండ వస్తుంది, మట్టిరంగులో, మొద్దులా.
ఒళ్లంతా పలకలా పరిచి ఎండను మేస్తుంది.
తొమ్మిదికి మెడ ఎర్రబడుతుంది,
అప్పుడు గాని దానికి పౌరుషం రాదు.
మధ్యాహ్నం గోడ కాలితే
గోరింట పొద కిందికి దిగిపోతుంది, ఎవరూ చెప్పక్కర్లేదు.
మోటారు గదిలో జెర్రిపోతు
ఒక ఎలకని మింగితే నెల్లాళ్లు కనపడదు.
కప్ప అయితే వేసవంతా చెరువు మట్టిలో పస్తుండి
తొలకరికి లేస్తుంది
ఒక్కరికీ అప్పులేని గొంతుతో.

మనకే ఈ తొంభై ఎనిమిదీ పాయింట్ ఆరు.
ఎండైనా అదే, ముసురైనా అదే.
ఆ అంకె పడిపోకుండా
పూటపూటా లోపల పొయ్యి రాజేయాలి.
మాస్టారు పాఠం మొదలెట్టిన వారంలోనే
మా తవిటయ్య వెరావల్ రైలెక్కుతాడు.
పరాయి బోటు, పరాయి సముద్రం,
బోటు కడుపులో ఐసు గది.
"ఏళ్లు నావి కాకుండా పోనాయే దానెమ్మా,
సేపేదో సెయ్యేదో తెలీడం లేదు" అన్నాడు ఓసారి.
చల్లని నెత్తురు గురించి నాకు తెలిసింది అంతే.

తిత్లీ రాత్రి ల్యాబు కిటికీలు ఎగిరిపోయాయి.
తెల్లారి తాళం తీస్తే
పదమూడు సీసాలు ముక్కలు.
ఫార్మలిన్ కంపుకి కళ్లు మండి ముందు ఏమీ కనపడలేదు.
తర్వాత కొరమేను, తర్వాత నీరుకట్టె,
నేను చేరకముందు నుంచీ సీసాలో కూర్చున్న గోదురు కప్ప
కాళ్లు చాపి నేల మీద.
తడిసిన చీటీల మీద ఎవరి పేరూ మిగల్లేదు.
దాని పక్కనే ఇంకో కప్ప,
వానతో పాటు లోపలికొచ్చింది,
గొంతు కింద చర్మం టపటపా కొట్టుకుంటోంది.

ఆ మందు తగిలితే చస్తుందని
దోసిట్లోకి తీసుకున్నాను.
మొదట జిల్లుమంది, నిజమే, అబద్ధం చెప్పను.
కూలిన జీడిచెట్టు దాటి
బోరింగు దాకా నడిచేసరికి
నా అరచేతి వేడి దాంట్లోకి ఇంకింది.
దించాను. కదల్లేదు.
ఎంతసేపో లెక్కపెట్టలేదు,
ఆ కాసేపు దాని నెత్తురూ నాదీ ఒకటే.
ఆపైన బురద దాన్ని పిలుచుకుంది.

ఈ ఏడు తామాడ హైమావతి లేచి అడిగింది:
"ఎండలో పడుకున్న పాముది కూడా చల్లనేనా సార్?"
మాస్టారు కళ్లజోడు తీసి తుడుచుకున్నారు.
"పరీక్షలో చల్లన అనే రాయమ్మా" అన్నారు, నెమ్మదిగా.
కొత్త సీసాలకి చీటీలు నన్నే రాయమన్నారు.
శీతల రక్త జీవి అని రాశాను, గుండ్రంగా.
కింద పెన్సిల్‌తో, కంటికి ఆననంత సన్నగా,
ఎక్కడుంటే అక్కడి వేడి.

ఆదివారం పొద్దున్న ఫోను.
వెనక ఇంజను చప్పుడు, ఎవరిదో గుజరాతీ కేక.
"అక్కడ ఎండ కాస్తందేటి?" అంటాడు.
కిటికీలోంచి మా పెరటి గోడ వైపు చూస్తాను.
తొండ ఉంది.
"కాస్తంది" అంటాను.