మొరం మీద

ఇరవై ఆరేండ్లు ఈ అడివిల నుంచే పోయిన.
అచ్చంపేట నుంచి శ్రీశైలం,
శ్రీశైలం నుంచి అచ్చంపేట.
అడివంటే నాకు
అద్దానికి అటుదిక్కు ఆకుపచ్చటి గీత,
వైపర్ తుడిచినంత మేర వాన.

ఇయ్యాల మన్ననూరు చెక్‌పోస్టు కాడ
రిజిస్టర్ల పేరు రాసిచ్చి
తారు రోడ్డు ఇడిసిపెట్టిన,
పాత కూపు బాట పట్టిన.
కింద నా బిడ్డ పాత సైకిల్:
లావు టైర్లు, ఏడు గేర్లు,
ముందట బుట్ట పీకేసిన మచ్చ.
"డ్రైవర్ సాబ్, స్టీరింగ్ వంకరున్నది" అని
ముందు పోతున్న నిమ్మల బయన్న నవ్విండు.
ఆయన సైకిల్‌కు గేర్లు లేవు.
బ్రేకు ఒక్కటే,
రెండోది ఆయన చెప్పు.

మొరం మాట్లాడుతది.
ఈ ముచ్చట నాకెవరూ చెప్పలే.
ఎండిన కాడ అప్పడం నమిలినట్టు,
తడి కాడ గొంతు తగ్గించి,
గులకరాళ్లు తేలిన కాడ
మా అవ్వ చాటల బియ్యం చెరిగినట్టు.
పాణమంతా
మణికట్లల్లకొచ్చి కూసుంటది.

ఎత్తు మొదలైంది.
ఎడమ కాలు క్లచ్ కోసం ఎతికింది.
ఎనభై మందిని ఎక్కిచ్చుకొని
ఇసొంటి గుట్టలనే రెండో గేరుల గుంజినోణ్ని,
నన్ను నేను మోసుకపోనీకి
నాలుక బయటపెట్టిన.
నల్లమద్ది కింద దిగిన. నూకిన. మల్ల ఎక్కిన.
సూసి నవ్వనీకి ఓ ఉడుత తప్ప ఎవరూ లేరు,
అది కూడా తన పనిల ఉన్నది.

ఓవర్‌టేక్ చేసేటోడు లేడు.
ఎదురొచ్చే లైట్లు లేవు.
లేటైందని గునిగే ప్యాసింజర్ లేడు.
ఇంత ఖాళీ బాట మీద కూడా
నేను ఎడమ పక్కకే పోతున్న.
బయన్న నడిమధ్యల,
వాగు పోయినట్టు, ఇష్టమొచ్చిన వంకర.

చండ్ర ముల్లు.
ఎనక టైరు ఉస్సుమన్నది.
కూసున్నం.
మోదుగాకు దొప్ప కుట్టి
బాటిల్ నీళ్లు పోసిండు బయన్న.
ట్యూబును జానెడు జానెడు ముంచితే
సన్నటి బుగ్గలు.
"గీడున్నది."

సొల్యూషన్ ఆరేదాక ఏం పని లేదు.
అప్పుడు ఇనవడ్డది.
పిట్ట కాదు, ఆకు కాదు.
బండి దిగినంక కూడా
చెవులల్ల మోగే ఇంజన్ ఒకటుంటది,
ఇరవై ఆరేండ్ల నాటిది,
అది బందైంది. అదే ఇనవడ్డది.

సీతాఫలం ఇప్పి సగమిచ్చిండు.
గింజలు ఉమ్ముకుంట అన్నడు:
"నీ హారన్ మా పెంట దాక ఇనవడేది సాబ్.
పొద్దుమూకంగ, ఆ మూల మీద, మూడుసార్లు.
అది ఇనే మా అమ్మ పొయ్యి రాజేసేది.
కొత్తాయన కొట్టడు.
ఇప్పుడు ఆకలైతేనే అంటువెడ్తున్నది."

నేను పండు దిక్కే సూసిన.
మూడుసార్లు ఎందుకో
కండక్టర్‌కు కూడా చెప్పలే.
ఓ మసక చీకటి, ట్రిప్పు లేటు,
ఆ మూల మీద ఓ దుప్పి.
ఆపలే.
డిపోల బంపర్ నేనే కడుక్కున్న,
ఎవరూ లేవకముందే.
తెల్లారి నుంచి మూడు కొట్టుడు.
అది భయమో, దండమో,
ఒకల ఇంట్ల గడియారమైందని
ఈ సీతాఫలం చేతుల పట్టుకొని తెలిసింది.

దిగుడు బాగున్నది.
రెండు బ్రేకులు సగం సగం పట్టుకొని,
పండ్లు టకటక కొట్టుకుంటుంటే
తునికాకుల నీడ
మొహం మీద ఎలుగు చీకటి, ఎలుగు చీకటి.
ఓ కాడ నాకు తెల్వకుంటనే
బాట నడిమధ్యలకొచ్చిన.

మల్లొచ్చేటప్పుడు
పొద్దున మేం గీసిన రెండు టైర్ల గీతల మీద
అడ్డంగ గిట్టల గుర్తులు.
బయన్న దిగి, ఒంగి, ఏలు పెట్టి సూసిండు.
"ఉరకలే సాబ్. నడిసే పోయింది."

బెల్లు మీదున్న బొటనవేలు
నేను తీసేసిన.