ఉప్పు కొలత

అడిగావు కాబట్టి ఉన్నదున్నట్టు చెబుతా.
మేత బస్తాలు ఎక్కువ అమ్మినందుకు
కంపెనీ ఇచ్చిన కూపను అది.
ఇద్దరికి రెండు రాత్రులు. బట్టలు ఉతికిస్తే డబ్బు వేరే.

మద్రాసు నుంచి మహాబలిపురం రోడ్డు,
నెమ్మేలి దాటాక సముద్రం వైపు గేటు.
పేరు ఇటలీది, నాకు నోరు తిరగలేదు.
డ్రైవరు తిప్పాలని కూడా చూడలేదు:
"పాత రొయ్యల కంపెనీయే కదా సార్."

అవును. అక్కడే
పదకొండేళ్ళు రాత్రి డ్యూటీ చేశాను.
కస్తూరి అప్పుడు గూడూరులో.
ఈ చోటు ఆమెకు నెలకోసారి వచ్చే మనియార్డరు,
అంతే.

గుమ్మంలో కడలూరు కుర్రాడు
చేతులు జోడించి "బొంజోర్నో" అన్నాడు.
చల్లటి తువ్వాళ్ళు ఇచ్చాడు. మొహం తుడుచుకోవాలో
మెడ తుడుచుకోవాలో తెలియక
కస్తూరి తనది మడిచి సంచిలో పెట్టుకుంది.
గోడలకు పసుపు రంగు, కుండీల్లో నిమ్మచెట్లు.
ఒక కాయను గిల్లి వాసన చూసి
"ప్లాస్టిక్" అంది, గట్టిగానే.
గూడూరు మనిషి దగ్గర నిమ్మకాయతో మోసం చెల్లదు.

మంచం మంచిది. అబద్ధం చెప్పను,
అంత మెత్తటి దాని మీద నాకు నిద్ర పట్టలేదు,
ఆమెకు పట్టింది.
ఏసీ ఒక చుక్క, ఆగి ఇంకో చుక్క కార్చింది.
భోజనానికి చాంతాడంత పేరుతో పళ్ళెం వచ్చింది,
మూత తీస్తే మన వనామీ, నలభై కౌంటు,
తోక దగ్గర కొంచెం మెత్తబడ్డది.
తిన్నాను. మన సరుకుని మనమే తప్పు పడితే ఎలా?

మర్నాడు ఒళ్ళు పట్టడం.
మిజోరం నుంచి వచ్చిన అమ్మాయి, రెమి అట పేరు,
ఆలివు నూనె వేడి చేసి తెచ్చింది.
కుడి భుజం దగ్గర ఆమె బొటనవేలు ఆగింది.
ఏం మోసేవారు, అని హిందీలో అడిగింది.
"పానీ" అన్నాను.
నాకొచ్చిన హిందీకి అది చాలు.

ఇక అసలు సంగతి, ఆ కొలను.
సముద్రపు నీళ్ళతో వైద్యమట,
ఇటలీలో రాజులు చేయించుకునేవారట.
మేనేజరు ఇళంగో చెబుతూనే ఉన్నాడు,
నేను మెట్లు దిగుతున్నాను.
ఒకటి, రెండు, మూడు. నాలుగోది కాస్త పొట్టి.
మూడో నంబరు తొట్టి!
నీలం పలకలు అతికించారు, అడుగున దీపాలు పెట్టారు,
కానీ నా అరికాలిని ఏమార్చలేరు.

"మూలలు చూడండి సార్, గుండ్రం. ఇటలీ శైలి."
నేను మాట్లాడలేదు.
మూలలుంటే పిల్లలు అక్కడికి చేరి, ఊపిరాడక చస్తాయని
గుండ్రం చేయించింది మేము.
తాపీమేస్త్రీతో పోట్లాడింది నేను.

అతను వెళ్ళాక వేలు ముంచి నాలికకు రాసుకున్నాను.
పద్దెనిమిది. ఇరవైకి పోదు.
బోరు నీళ్ళు కలిపేశారు.
ఈ ఉప్పుకి గుడ్డు పొదగదు,
మనుషులు కాబట్టి సరిపోయింది.

కస్తూరి నడుం దాకా దిగి కమ్మీ పట్టుకుంది.
అప్పుడు చెప్పాను.
తెల్లమచ్చ తెగులు వచ్చిన రాత్రి
ఈ తొట్టిలో డెబ్బై లక్షల పిల్లలు,
దీపం పెట్టి చూస్తే ధూళిలా.
బ్లీచింగు పొడి పోసింది నేనే.
తెల్లారేసరికి అంత తేట నీళ్ళు
నా జన్మలో చూడలేదు.

ఆమె చాలాసేపు గాలిబుడగల మోత విన్నది.
"అందుకా, ఆ శ్రావణంలో డబ్బు రాలేదు.
కుట్టుమిషను అమ్మాను.
పాడైందని చెప్పాను మీతో."

ముప్పై ఏళ్ళు.
ఆ మిషను ఏమైందని ఇంకోసారి అడగలేదు నేను.

ఆమె కమ్మీ వదిలేసింది.
మోకాలి లోతు దాటి ఏ నీళ్ళలోనూ దిగని మనిషి
వెల్లకిలా తేలింది,
హోటలు వాళ్ళిచ్చిన నల్లచొక్కా బుడగలా ఉబ్బి.
తేలడానికి పద్దెనిమిది చాలని
అప్పటిదాకా నాకూ తెలియదు.

వెళ్ళేటప్పుడు కాగితం ఇచ్చారు, ఎలా ఉందో రాయమని.
గది బాగుంది. రొయ్య నిన్నటిది.
రెమికి అయిదు చుక్కలు.
కొలను దగ్గర పెన్ను ఆగింది,
చివరికి "ఉప్పు తక్కువ" అని రాశాను.
కస్తూరి లాక్కుని కింద రాసింది:
నిజం నిమ్మచెట్లు కావాలంటే గూడూరు నుంచి పంపుతాం,
అని, ఫోను నంబరుతో సహా.