పోయినవీ దొరికినవీ

జిండబైన్ దాటి కొండెక్కే దారిలో
కుర్చీల లిఫ్టు మొదట్లో, టికెట్ గది వెనక
నాదొక కిటికీ.
పోగొట్టుకున్నవాళ్లు వచ్చి దాన్ని మెల్లగా తడతారు,
తప్పు చేసినవాళ్లలా.

ఇక్కడ జూలైలో మంచు.
మా అద్దంకిలో ఆషాఢపు గాలి దుమ్ము రేపే వేళకి
ఇక్కడి గాలి చెవులు కోస్తుంటుంది.
అప్పుడు నా పుస్తకం నిండా గ్లవ్సులే.
కుడిచేతివే ఎక్కువ.
ఫొటో కోసం విప్పుతారు,
కొండ చెయ్యి చాపి పట్టేసుకుంటుంది.
ఒక స్కీ కర్ర, రెండు కళ్లజోళ్లు,
ఒకసారి పైవరస పళ్లసెట్టు.
దాని ఆసామి వారందాకా రాలేదు.
వచ్చాక కూడా నోరు తెరవలేదు,
వేలితో చూపించాడు.

మంచు కరిగాక టడేక్, నేనూ
గోనెసంచులు పట్టుకుని స్తంభాల వెంబడి నడుస్తాం.
టడేక్ నాన్న ఈ కొండల్లో సొరంగాలు తవ్వాడు,
తూర్పుకి పోయే నదిని పడమరకి తిప్పినవాళ్లలో ఒకడు.
కొడుకు తాళంచెవులు ఏరుతున్నాడు.
"కొండ జేబులో చెయ్యిపెట్టడం మా ఇంటి వృత్తి" అంటాడు.

ఆగస్టు పందొమ్మిది నాటి పేజీలో నా రాత:
పాలపన్ను. ఒకటి. పైవరస, ముందుది.
ఎనిమిదో స్తంభం దగ్గర.
ఆర్లో ఫెన్విక్, ఆరేళ్లు, వాగా వాగా.

నాలికతో ఊపుతూ కూచున్నాడట,
లిఫ్టు కుదిపితే ఎగిరిపోయిందట.
వాళ్లమ్మ నవ్వు ఆపుకుంటూ చెప్పింది.
వాడు నవ్వలేదు, ఏడవలేదు,
నా కలం వైపే చూశాడు,
సరిగ్గా రాస్తున్నానా లేదా అని.
మేమైతే పెంకుల మీదికి విసిరేవాళ్లం,
వీడిది పైనుంచి కిందికి పడింది.
పక్కన రాశాను: వెతుకుతున్నాం.

అక్టోబరులో దొరకలేదు.
నవంబరులో ట్రౌట్ చేపల కోసం వచ్చినవాళ్లు
సరస్సు ఒడ్డున గంటలకొద్దీ నిలబడి
దారపు చుట్టలు పోగొట్టుకున్నారు.
డిసెంబరులో అవే కుర్చీలకు కొక్కేలు తగిలించి
సైకిళ్లు పైకి పంపాం.
బురద తప్ప మొహం కనపడని కుర్రాళ్లు దిగివచ్చి
పెడల్ ఒకటి కనపడిందా అని అడిగారు,
తక్కిన సైకిలు భుజాన వేసుకుని.

జనవరంతా టోపీలు.
శిఖరం దాకా ఇనుప జాలీ బాట మీద నడిచినవాళ్లవి.
వాళ్లలో ఒక ముసలాయన చెవిమిషను పోగొట్టుకుని
"తొందరేం లేదమ్మా, రెండ్రోజులు హాయిగా ఉంటుంది" అన్నాడు,
భార్య వైపు చూడకుండా.
ఆ నెల రాతి పగుళ్లలో బొగాంగ్ రెక్కపురుగులు
పెంకుల్లా ఒకదానిమీదొకటి ఒదిగి నిద్రపోతాయి.
ఎనిమిదో స్తంభం కింద తెల్ల డెయిజీలు.
వంగి చూస్తే ప్రతిదీ పన్నే.

ఏప్రిల్లో పోప్లార్లు పసుపెక్కాయి, జనం పల్చబడ్డారు.
టడేక్ తీగలకు గ్రీజు పెడుతూ ఈల వేశాడు.
సరస్సు బాగా తగ్గితే
మునిగిపోయిన పాత జిండబైన్ మెట్లు పైకొస్తాయి.
ఒక ఊరు. పెద్దది. ఎక్కడ రాసుకోవాలి?
కిటికీ తట్టేదెవరు?

జూన్లో తొలిమంచు.
తెలుపులో తెలుపు వెతకడం నావల్ల కాదు.
ఆ పేజీ మడత పెట్టాను, కొట్టెయ్యలేదు.

జూలై సెలవుల్లో కిటికీ తట్టారు,
మెల్లగా కాదు, గట్టిగా.
ఏడేళ్లవాడు. ముందుపన్ను పెద్దది,
రంపపు అంచుతో, మొహానికి ఇంకా నప్పనిది.
"బొమ్మ డైనోసార్ ఏదైనా దొరికిందా?"
లేదన్నాను.
"నాది పోలేదులే, ఊరికే అడిగా."

అని జేబులోంచి తడి గ్లవ్సొకటి తీసి
బల్లమీద పెట్టాడు, దారిలో దొరికిందట.
రాసుకున్నాను: గ్లవ్సు. ఒకటి. ఎడమది.
తెచ్చినవారి పేరు దగ్గర కలం ఆగింది.
వాడు మునివేళ్ల మీద లేచి
మడత విప్పిన పేజీని తలకిందులుగా చదువుతూ,
"అది ముందే ఉందిగా" అన్నాడు.