బ్రాకెట్ల పిల్ల

ఎనిమిదో తరగతి, బి సెక్షన్, కాచిగూడ.
కిటికీ అవతల రైలు కట్ట.
నాటకం పాఠం ఎప్పుడూ అన్నం తిన్నాక మొదటి పీరియడు.
సరిగ్గా రాజు సీసం ఎత్తుకునే వేళకి
గూడ్సు బండి ఒకటి వచ్చేది,
యాభై రెండు డబ్బాలు.
రాజు నోరు తెరిచి అలాగే ఆగేవాడు.
డబ్బాలు అయిపోయాక
నేరుగా ఎత్తుగీతిలోకి దూకేవాడు.

పాత్రలు పంచింది తాయారమ్మ టీచర్.
గొంతున్న వాళ్లకి రాజూ రాణీ,
పొడుగు వాళ్లకి ఋషులు,
ఎలాగూ నోరు ఆగని దశరథ్‌కి విదూషకుడు.
నాకు నత్తి.
టీచర్ నా బెంచీ దగ్గర కాసేపు నిలబడింది.
సుద్దముక్కతో నా పుస్తకం మీద తట్టి
"బ్రాకెట్లలో ఉన్నదంతా నువ్వు చదువమ్మా" అంది.

అలా నాకు వచ్చినవి:
(ప్రవేశించును.)
(కంట నీరు తుడుచుకొని.)
(తనలో.)
(నేపథ్యమున కలకలము.)
ఒకటి రెండు మాటలే కాబట్టి ఊపిరి సరిపోయేది.
'ప్ర' దగ్గర మాత్రం ఇరుక్కునేదాన్ని.
నేను ఆ అక్షరం దాటేదాకా
మంత్రి గుమ్మం బయటే నిలబడాల్సి వచ్చేది.
ఎవరూ నవ్వలేదని చెప్పను. నవ్వారు.
కానీ నేను అననిదే
ఎవరూ లోపలికి రాకూడదు, బయటికి పోకూడదు.
అది టీచర్ పెట్టిన నియమం.
రాజు ఏడవాలన్నా ముందు నేను చెప్పాలి.

రాణి ఖుద్సియా.
ఇంట్లో ఉర్దూ. తెలుగు ఎందుకు తీసుకుందో మేం అడగలేదు.
పద్యం పక్కన పెన్సిల్‌తో తన లిపిలో రాసుకునేది,
కుడి నుంచి ఎడమకి నడిచే ఆటవెలది.
'ళ'కి అక్కడ అక్షరం లేదని
ఒక చుక్క తనే కనిపెట్టి తగిలించుకుంది.

రాజు అంబర్‌పేట అంజిలయ్య.
"టీచర్, గీయన గిట్ల మాట్లాడితే
రాణికి సమజైతదా?"
టీచర్ పుస్తకం మూసి ఆలోచించింది.
"అయితదిరా. అందుకే ఏడుస్తది."

జనాంతికం చెప్పిన రోజు బాగా గుర్తు.
మూడు వేళ్లు ఎత్తి చెయ్యి అడ్డం పెడితే
పక్కవాళ్లకి తప్ప సభకి వినపడదట.
నమ్మాం.
లెక్కల పీరియడ్‌లో ప్రయోగించాం.
నేనూ ఖుద్సియా గోడకుర్చీ వేశాం,
గోడకుర్చీలోనూ అవే మూడు వేళ్లు.

ఇప్పుడు నేను పురానీ హవేలీ కోర్టులో టైపిస్టుని.
భార్యాభర్తలు గజం దూరంలో నిలబడి
ఒకరి మాట ఒకరికి కాక జడ్జిగారికి చెప్పుకుంటారు.
అందరివీ నేనే కొడతాను.
మాట ఆగితే వేళ్లు ఆగాలి. ఆగవు.
(సాక్షి నేల చూచును.)
(సాక్షి మంచినీళ్లు అడిగి, తాగదు.)
"ఇవి రికార్డుకి పనికిరావమ్మా" అంటాడు బెంచి క్లర్కు.
సాయంత్రం కూర్చుని ఒక్కొక్కటీ తుడిపేస్తాను.

నిన్న ఒకటి ఉంచేశాను.
ఒకావిడ. నా ఈడే ఉంటుంది. నల్ల గాజులు.
ఇంకేమైనా చెప్పేది ఉందా అని అడిగితే
వకీలు వైపు వంగి
మూడు వేళ్లు ఎత్తి, చెయ్యి అడ్డం పెట్టుకుని
ఏదో అంది.
పేరున్న మొదటి పేజీ పొద్దున ఇంకెవరో కొట్టారు.
తిప్పి చూడలేదు.
(జనాంతికముగా) అని మాత్రం కొట్టి
ఆ పక్కన ఖాళీ వదిలాను.

ఆవిడ తలుపు దాకా వెళ్లింది.
ఆ మాట అనడానికి నేను నోరు తెరవలేదు.
తెరవనంత సేపూ
ఆవిడ గుమ్మంలోనే నిలబడి
సంచిలో ఏదో వెతుక్కుంటూ ఉంది.