సిరోంచలో ఒక స్లైడు

తునికాకు కోసే ముత్తుబాయి
మోకాలి మీద కత్తి గాటుతో వచ్చింది.
రిజిస్టర్లో పేరు మరాఠీలో రాశాను.
నొప్పి మాత్రం తెలుగులోనే చెప్పింది:
"సలుపుతాంది సారూ."

చుక్క. రంగు. నూనె బొట్టు.
అద్దం కింద ఊదా ఇసుకలా ప్లేట్‌లెట్లు.
కేంద్రకం లేదు, పదిరోజుల బతుకు.
గండికి మట్టి తట్టలు మోసే కూలీలు,
అంతేననుకున్నా ఇన్నేళ్లూ.

కాదట. మొన్న గడ్చిరోలి ట్రైనింగులో చెప్పారు:
సంచులు విప్పి
ప్రొటీన్ల చీటీలు విసురుతాయట నెత్తుట్లోకి.
చీటీ అందిన తెల్లకణం
నాళం గోడ పట్టుకుని ఆగుతుంది,
సందు చూసి బయటికి దూరుతుంది.
"రండి" అనేదీ అవే,
ఒక్కోసారి "ఇక చాలు" అనేదీ అవేనట.

ఆ రెండో చీటీ ఆలస్యమైందేమో,
శ్రావణంలో ప్రాణహితలా ఉంది మోకాలు.
పిలిస్తే వచ్చినోళ్లు
పోవడం మరిచారు.

రెండు లక్షల పదివేలు, అని రాసిచ్చాను.
లెక్క బాగుందన్నాను.
"మంచిగుంటే గిట్లెందుకు కాలుతాంది?"

లెక్కపెట్టగలను గానీ
అవేం మాట్లాడుకుంటున్నాయో
నా అద్దానికి వినపడదు.
ఆ మాట చెప్పేలోపే లేచింది,
కుంటుకుంటూ:
"మబ్బు పట్టింది సారూ,
కల్లంల ఆకు తడుస్తది."