దిమ్మల లెక్క

నరసాపురం రేవు పక్కన ఐసు ఫ్యాక్టరీలో
దిమ్మల లెక్క రాస్తాను నేను.
కొల్లాటి పెద్దిరాజు వాటిని మోస్తాడు.

రోహిణి కార్తె. బయట రేకు మీద
కాకి కూడా కాలు ఆనించడం లేదు.
లోపల ఉప్పునీటి తొట్టి, అమ్మోనియా ఘాటు,
గొట్టాలకి మొలిచిన తెల్లటి నూగు.
గడప ఇవతల నిప్పు, అవతల మంచు.
రోజుకి రెండొందల సార్లు దాటుతాడా గడప.

లోపలికెళ్తే ఒళ్ళు
తలుపులన్నీ మూసుకుంటుంది.
వేళ్ళ చివర్ల నించి నెత్తురు వెనక్కి తగ్గి
నడిమింట్లో పొయ్యి చుట్టూ చేరుతుంది.
రోమాలు లేస్తాయి,
ఎప్పుడో పోగొట్టుకున్న బొచ్చు
ఇంకా ఉందనుకుని.
దవడలు టకటకమంటాయి.
వణుకంటే భయమని ఎవరన్నారో గానీ
అది కండలు చేసే ఓవర్‌టైము.

బయటికొస్తే అదే ఒళ్ళు
తూములన్నీ ఎత్తేస్తుంది.
వీపంతా కాలవలు.
ఆరాక బనీను మీద
అల ఆగిన చోటల్లా తెల్లటి గీత.
దాహమని నోటికి కబురొచ్చేసరికే
మూత్రపిండాలు నీటికి వంతులు పెట్టేసుంటాయి,
దాళవాలో శివారు చేలకి పెట్టినట్టు.
పొద్దుటి చద్దన్నం అరిగి చాలాసేపయింది;
కాలేయం గూట్లో దాచిన చిల్లర తీసి
నెత్తుటికి బదులిస్తూనే ఉంటుంది.

మా మిషనుకి గేజీ ఉంది.
గేజీ ముందు కన్నార్పని ఖాదర్ మేస్త్రి ఉన్నాడు.
కరెంటు పోతే జనరేటరు, అది మొరాయిస్తే తిట్లు.
మొన్న ఒంట్లో బాలేదు, సెలవిమ్మంటే
పెద్దిరాజు చంకలో థర్మామీటరు పెట్టాను.
తొంభై ఎనిమిది పాయింట్ నాలుగు.
"మీ గేజీ పాడైపోయిందండి" అన్నాడు,
నవ్వాపుకోలేక.

నిన్న రాత్రి రెండింటికి
చేపల బుట్ట లేకుండా ఒకాయన వచ్చాడు.
రెండు దిమ్మలు కావాలన్నాడు.
ఎందుకని మేం అడగలేదు.
అలాంటివాటికి అంకె రాస్తాను, ధర రాయను.
రిక్షాలో దించొచ్చి పెద్దిరాజు చెప్పాడు:
"దిమ్మ సర్దుతుంటే చెయ్యి తగిలిందండి.
గచ్చు ఎంత చల్లనో
ఆవిడా అంతే."

ఆ మాటన్నాక మెట్ల మీద కూచుని
రెండు అరచేతులూ చంకల్లో దోపుకున్నాడు.
వశిష్ఠలో పోటు ఎక్కుతోంది.
ఉప్పో తీపో నీళ్ళు ఇంకా తేల్చుకోలేదు.
మజ్జిగలో ఉప్పు కలిపి ఇచ్చాను.
గొంతుముడి పైకీ కిందికీ కదిలింది.
కాసేపటికి అతని నుదుటి మీద
ఒక్క చుక్క, సన్నగా,
డ్యూటీకి వచ్చింది.