పేరుకు తూకం లేదు

ఆదివారం పొద్దున్నే పెంచలయ్య
రొయ్యల మేత బస్తాలు దించేసిన ఆటోని
నాలుగు బకెట్ల నీళ్లు పోసి కడుగుతాడు.
కడిగినా వాసన పోదు.
ఆ వాసనలోనే వెనక ఎక్కుతాం
నేనూ, లోహితా, చిన్నోడూ,
ప్లాస్టిక్ కుర్చీ వేసుకుని మా అత్తా.

"ఏందిమే, మళ్లీ ఆ తుప్పు కొట్టుకేనా?"
అంటూనే బండి స్టోన్‌హౌస్‌పేట వైపు తిప్పుతాడు.
(పోయిన నెల అదే తుప్పులోంచి
రబ్బరు బుడ్డి ఉన్న లారీ హారన్ ఏరుకున్నది ఎవరో
నేను అడగను.
గుంటల కాడ కొంగల్ని తోలడానికంట.)

మస్తాన్ సాయిబు కొట్లో
సగం నెల్లూరు బోర్లా పడి ఉంటుంది:
రెక్క విరిగిన టేబుల్ ఫ్యాన్లు, మూత పోయిన మరచెంబు,
ఎవరి పెళ్లిలోనో పప్పు ఉడికిన గుండిగ,
గూడూరు గనుల నాటి అభ్రకం రేకు.
దాన్ని కంటికి అడ్డం పెట్టుకుని
లోహిత వీధంతా బెల్లపు పాకం రంగులో చూసింది.
దానికి డబ్బులు అడగలేదు సాయిబు.
చిన్నోడికి మాత్రం మోగేదే నిధి,
కొట్టి చూడంది ఏదీ వదలడు.

నేను వెతికేది వేరు.
గ్లాసులు, చెంబులు తిరగేసి
అంచు కింద బొటనవేలితో తడుముతాను.
ఉలి మొనతో చుక్కలు చుక్కలుగా
ఎవరో ఎప్పుడో కొట్టించుకున్న పేరు తగిలితే
గాలానికి జెల్ల పడ్డట్టు
చెయ్యి అక్కడే ఆగిపోతుంది.

"ఇత్తడికే అమ్మా డబ్బులు,
పేరుకు తూకం లేదు" అంటాడు సాయిబు.
అన్నా ఇరవై తగ్గించడు.

ఇంటికొచ్చి కొళాయి దగ్గర కూర్చుంటాం.
చేపల పులుసుకు పిండేసిన చింతపండు పిప్పి, ఇంత ఉప్పు.
రుద్దగా రుద్దగా నలుపు కింద నుంచి
ముందు ఒక సున్నా లేచింది,
తర్వాత ఒక తలకట్టు.
"చెం" అంది లోహిత. "చెంగ" అంది.
"చెంగమ్మ!" అని ఇల్లంతా చాటింది.
సూళ్లూరుపేట మనిషై ఉంటుందని నేను,
కాదు, సర్కస్‌లో ఏనుగును తోలిందని చిన్నోడు.

ఇప్పుడు మా ఇంట్లో
మజ్జిగ చెంగమ్మలో, కాఫీ బుజ్జమ్మ 1961లో.
"రాఘవరెడ్డి యాడున్నాడు?" అని వంటింట్లోంచి అరిస్తే
పక్కింటావిడ ఎవరో చుట్టాలొచ్చారని తొంగి చూసింది.
రాఘవరెడ్డి మా ఉప్పు చెంబు.

మా అత్త కామాక్షమ్మ ఈ నవ్వుల్లో కలవదు.
గాలివాన కొట్టిన ఏడు
రెండు బిందెలు, ఒక కాగు తూకానికేసి
ఇంటి మీద రేకులు కప్పించిన మనిషి.
చదువు రాదు.
తన పేరొక్కటి మాత్రం
నీళ్లు మోసే దారిలో, నడుం మీది బిందె మెడ మీద
వేలితో నేర్చుకుంది.
వెతుకుతున్నానని ఎప్పుడూ చెప్పదు.
కొట్లో ప్రతి బిందెనూ ఒకసారి నిమిరి
"బరువు చూశాలే" అంటుంది.

దొరకలేదు.
కరిగి ఏ ఊళ్లో తలుపు గడియ అయిందో,
ఎవరింట్లో కొళాయి అయిందో.

మొన్న కరెంటు పోయిన రాత్రి
వసారాలో టకటకమంటుంటే తిట్టబోయాను.
పేరు లేని గ్లాసొకటి కాళ్ల మధ్య ఇరికించుకుని
మేకుతో, రాయితో చిన్నోడు.
సగం గ్లాసు సొట్టలే.
దొంగ మొహం పెట్టి
తీసుకెళ్లి నాయనమ్మ చేతిలో పెట్టాడు.

చీకట్లోనే ఆమె వేలు నడిచింది.
కా దాటింది.
క్ష దగ్గర కొంచెం తడబడింది.
చివరిదాకా పోయి, వెనక్కొచ్చి, మళ్లీ పోయి

"మ కింద ఒత్తేదిరా అబ్బయా?"

మేకు ఇంకా వాడి చేతిలోనే ఉంది.